నాటిన తర్వాత ఐదేళ్లు: సాల్మన్ వాగుల గట్ల మీద చెట్లు

(అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, రెడ్‌మండ్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున పిల్లల సంగీతం తరగతులు, నాట్యం తరగతులు, క్రికెట్ ఆటలు అన్నీ సర్దుకుని ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. వచ్చే నెలలో వానలు మొదలవుతాయి. వానలతోపాటే వాగుల గట్ల మీద మొక్కలు నాటే పనీ మొదలవుతుంది. ఆ లోగా మీ చెవిన ఒక మాట వేయాలని అడిగి మరీ ఈ సమయం తీసుకున్నాను.

మొక్క నాటడానికి మనుషుల కొరత లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో పిలుపిస్తే చాలు, గట్టంతా జనంతో నిండిపోతుంది. కంపెనీల నుంచి బృందాలు బస్సుల్లో వస్తాయి. కొరతంతా జూన్, జులై, ఆగస్టుల్లోనే. అప్పుడు ఆ మొక్కల చుట్టూ కలుపు తీసేవాళ్లు, నీళ్లు పోసేవాళ్లు కావాలి. మన కుటుంబాల్లో కొన్నైనా ఒకే గట్టును పట్టుకుని ఐదేళ్లపాటు వదలకుండా చూసుకోవాలని నా కోరిక. అదెందుకో అర్థం కావాలంటే ముందు చేప సంగతి చెప్పాలి.

మనలో చాలామంది ఏటా అక్టోబరు మొదటి శని, ఆదివారాల్లో ఇసాక్వాలో జరిగే సాల్మన్ ఉత్సవానికి పిల్లల్ని తీసుకెళతాం. వంతెన మీద నిలబడి, కింద ఎదురీదుతున్న చేపలను చూసి ఫోటోలు తీసుకుంటాం. గోదావరి జిల్లాల వాళ్లకు ఈ ఎదురీత కొత్త కాదు. సముద్రంలో పెరిగిన చేప వరద నీటికి ఎదురెక్కి గోదావరిలోకి వస్తేనే పులస. పుస్తెలమ్మి అయినా పులస తినాలని ఊరికే అనలేదు మనవాళ్లు. అయితే పులస నదిలో గుడ్లు పెట్టాక తిరిగి సముద్రానికి వెళ్లగలదు. పసిఫిక్ సాల్మన్‌కు ఆ అవకాశం లేదు. అది ఏ వాగులో పుట్టిందో ఆ వాగుకే వస్తుంది, గుడ్లు పెడుతుంది, కొద్ది రోజుల్లో అక్కడే చనిపోతుంది. అందుకే దానికి ఆ వాగు ఎలా ఉందన్నది ప్రాణంతో సమానమైన విషయం.

సాల్మన్లలో ఒక రకమైన చినూక్ ఆడచేప గుడ్లు పెట్టే తీరు ఒక్కసారి దగ్గర నుంచి చూడండి. గులకరాళ్లు, కంకర ఉన్న చోటు వెతుక్కుంటుంది. పక్కకు ఒరిగి, తోకతో నీటిని బలంగా కొడుతుంది. ఆ ఊపుకు కంకర లేచి, ప్రవాహంలో కాస్త కిందికి జారి పడుతుంది. అలా కొట్టి కొట్టి ఒక గుంట చేస్తుంది. తోక అంచు అరిగి తెల్లబడిపోతుంది. గుంటలో గుడ్లు పెట్టగానే మగచేప వాటి మీద వీర్యం వదులుతుంది. వెంటనే ఆడచేప కాస్త ఎగువకు జరిగి మళ్లీ తవ్వుతుంది. అక్కడ లేచిన కంకర వచ్చి మొదటి గుంటను కప్పేస్తుంది. ఇలా వరసగా గుంటలు తవ్వి మొత్తం 3,000 నుంచి 5,000 వరకు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు చలికాలమంతా కంకర కిందే ఉండాలి. రాళ్ల సందుల్లోంచి చల్లని నీరు, ఆ నీటితో ఆక్సిజన్ అందుతుండాలి. గట్టు కోసుకుపోయి వచ్చిన సన్న మట్టి ఆ సందుల్లో పేరుకుంటే గుడ్లు ఊపిరాడక చస్తాయి. గట్టున వేళ్లు దిగిన చెట్టు ఉంటే మట్టి గట్టునే ఉంటుంది. గుడ్డుకూ చెట్టుకూ ఉన్న మొదటి బంధం ఇదే.

రెండోది వేడి. నీళ్లు 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 20 డిగ్రీలకు చేరితే అది 9కి పడిపోతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, దొరికేది మాత్రం తగ్గుతుంది. సాల్మన్ పిల్లలు వేసవి గడిపే ముఖ్యమైన వాగుల్లో నీరు 16 డిగ్రీలు దాటకూడదని ఈ రాష్ట్రం ప్రమాణం పెట్టుకుంది. మనం సాయంత్రం నడకకు వెళ్లే సమామిష్ నదిలో వేసవి చివర 20 డిగ్రీలు దాటడం మామూలైపోయింది. సరిగ్గా అప్పుడే చినూక్ చేపలు ఓడలను సముద్రం నుంచి సరస్సు మట్టానికి చేర్చే బాలార్డ్ లాకుల దగ్గర, చేపల కోసం కట్టిన మెట్లెక్కి, వాషింగ్టన్ సరస్సు దాటి ఈ నదిలోకి వస్తాయి.

ఈ నది మొదటి నుంచీ ఇలా లేదు. 1916లో ఓడల కాలువ కోసం వాషింగ్టన్ సరస్సు మట్టాన్ని సుమారు 9 అడుగులు దించారు. దాంతో ఈ లోయలోని చిత్తడి నేలలు చాలావరకు ఎండిపోయాయి. తర్వాత 1960ల్లో, పొలాలకు వరద రాకుండా చేయడానికి, సైన్యంలోని ఇంజనీర్ల విభాగమైన ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ నదిని లోతుగా తవ్వి తిన్నగా చేసింది. వంపులు పోయాయి, గట్ల మీది చెట్లు పోయాయి. అప్పటి రైతులకు వరద నిజమైన కష్టమే, దాన్ని నేను తీసిపారేయడం లేదు. కానీ చేప తలదాచుకునే మడుగు, దానికి నీడనిచ్చే కొమ్మ రెండూ దానితోనే పోయాయి. ఇక్కడి సముద్రపు పాయ అయిన ప్యూజెట్ సౌండ్ చినూక్‌ను 1999లో ముప్పున్న జాతుల జాబితాలో చేర్చారు. వాషింగ్టన్ సరస్సులో సాకై అనే మరో రకం సాల్మన్ వేటకు చివరిసారి అనుమతి ఇచ్చింది 2006లో.

చేప లేకపోతే ఇబ్బంది పడేది చేపకూర ఇష్టపడేవాళ్లు మాత్రమే కాదు. ఈ నేల మూలవాసులు 1854, 1855 సంవత్సరాల్లో ఒప్పందాల మీద భూములు వదులుకున్నప్పుడు, తమ పాత తావుల్లో చేపలు పట్టుకునే హక్కును మాత్రం అట్టే పెట్టుకున్నారు. ఆ హక్కు కోసం నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ లాంటివాళ్లు మళ్లీ మళ్లీ అరెస్టయ్యారు. చివరికి 1974లో న్యాయమూర్తి జార్జ్ బోల్ట్, పట్టదగిన చేపల్లో సగం వాళ్లదేనని తీర్పు ఇచ్చారు. హక్కు కాగితం మీద ఉండి, వాగులో చేప లేకపోతే ఆ తీర్పుకు విలువేముంది? మనం ఇల్లు కట్టుకున్న ఈ నేల వాళ్లది. వాళ్లకిచ్చిన మాటలో మన వంతు కూడా ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇప్పుడు చెట్టు దగ్గరికి వద్దాం. చెట్ల నీడ నీటిని చల్లబరుస్తుందని చాలామంది అంటారు. కచ్చితంగా చెప్పాలంటే నీడ నీటిని చల్లబరచదు, వేడెక్కకుండా ఆపుతుంది. ఒకసారి వేడెక్కిన నీటి మీద నీడ పడితే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. సమామిష్ నదిలోకి వచ్చేది సమామిష్ సరస్సు పైపొర నీరు. అది అప్పటికే వేడిగా ఉంటుంది. కాబట్టి నది ఒడ్డున ఎన్ని చెట్లు పెంచినా అవి మాత్రమే దాన్ని కాపాడలేవు. దానిలో కలిసే బేర్ క్రీక్ లాంటి వాగులు అలా కాదు. వాటిలోకి భూగర్భం నుంచి చల్లని ఊట నీరు వస్తుంది. ఆ చల్లదనం పోకుండా చూడటం మన చేతిలో ఉంది. వేడి నదిలో అలసిన చేప, చల్లని వాగు వచ్చి కలిసే చోట ఆగి సేదదీరుతుంది. అందుకే నది కన్నా ముందు వాగులకు చెట్లు కావాలంటాను. వాగులో కూడా ఏ గట్టున ముందు నాటాలో చూసుకోవాలి. మనం ఉన్నది భూమధ్యరేఖకు చాలా ఉత్తరాన. వేసవి మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు నుంచి, సాయంత్రం పడమటి నుంచి కొడతాడు. దక్షిణపు గట్టున, పడమటి గట్టున నాటిన చెట్టు నీడే నీటి మీద పడుతుంది. చెట్లు తక్కువగా ఉన్నప్పుడు ఈ లెక్క చాలా విలువైనది.

నీడ కన్నా ఎక్కువగా నాకు నచ్చేది పడిపోయిన చెట్టు. వాగుకు అడ్డంగా పడిన పెద్ద దుంగ దగ్గర నీరు సుడి తిరిగి మడుగు తవ్వుతుంది, పక్కనే కంకర పేరుస్తుంది. మడుగులో పిల్లచేపలు దాక్కుంటాయి, కంకరలో పెద్దచేపలు గుడ్లు పెడతాయి. దుంగలు చేపలకు అడ్డమనుకుని 1970ల వరకు ప్రభుత్వ శాఖలే వాటిని పనిగట్టుకుని వాగుల్లోంచి తీయించాయి. ఆ పొరపాటు తెలిశాక ఇప్పుడు యంత్రాలతో దుంగలు తెచ్చి మళ్లీ వాగుల్లో వేస్తున్నారు. మనం నాటే రెడ్ సీడర్ చెట్టు బతికున్నంతకాలం నీడనిస్తుంది. ఎప్పుడో ఒకనాడు కూలి వాగులో పడితే, తేలిగ్గా కుళ్లదు గనక దశాబ్దాలపాటు చేపలకు ఇల్లవుతుంది.

చేప కూడా చెట్టు రుణం ఉంచుకోదు. గుడ్లు పెట్టి చనిపోయిన సాల్మన్‌లను ఎలుగుబంట్లు, పక్షులు గట్టు మీదికి లాగి తింటాయి. మిగిలింది నేలలో కలుస్తుంది. అలాస్కాలో సాల్మన్ వచ్చే వాగుల పక్కన చెట్ల ఆకులను పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించారు. ఆ ఆకుల్లోని నత్రజనిలో నాలుగో వంతుకు కాస్త తక్కువ, అంటే 22 నుంచి 24 శాతం, సముద్రం నుంచి చేపలు మోసుకొచ్చినదే. అక్కడి సిట్కా స్ప్రూస్ చెట్లు వేగంగా పెరుగుతున్నాయని కూడా తేలింది. ఇది తెలిసినప్పటి నుంచి అడవినీ ఏటినీ వేరుగా చూడటం నావల్ల కావడం లేదు.

ఇక పని. ఈ చలికాలంలో మీ చేతికి వచ్చే మొక్కలు చాలావరకు మట్టి లేకుండా ఉత్త వేళ్లతో ఉంటాయి. తడి గోనెలో చుట్టి తెస్తారు. ఆ వేళ్లు గాలికి ఆరకూడదు. గుంట తవ్వేలోగా మొక్కను గట్టు మీద పడేసి కబుర్లు చెప్పుకుంటే, సన్నని పీచు వేళ్లు చూస్తుండగానే ఎండిపోతాయి. గుంట తవ్వాక మాత్రమే గోనెలోంచి మొక్క తీయండి. గుంట వేళ్లకు తగినంత లోతుండాలి. లోతు చాలక వేళ్లను మడిచి కుక్కితే, ఆ వంపుతోనే పెరిగి కొన్నేళ్లకు మొక్క నీరసిస్తుంది. కాండం, వేరు కలిసే చోటు సరిగ్గా నేల మట్టానికి రావాలి. మట్టి వేసి మడమతో గట్టిగా తొక్కాలి, లోపల గాలి మిగలకూడదు. పైన చెక్కపొట్టు పరవాలి గానీ కాండానికి ఆనించకూడదు. ఆనిస్తే పొట్టు చాటున ఎలుకలు చేరి బెరడు కొరుకుతాయి. విల్లో, రెడ్ ఓసియర్ డాగ్‌వుడ్, కాటన్‌వుడ్ మొక్కలకు ఇంత శ్రమ లేదు. మన పెరట్లో మునగ కొమ్మ పాతినట్టే వాటి కొమ్మలు కోసి నీటి అంచున పాతడమే. మొగ్గలు పైకి చూసేలా, సగానికి పైగా నేలలో ఉండేలా పాతండి. తలకిందులుగా పాతిన కొమ్మలు ప్రతి ఏడాదీ కనిపిస్తూనే ఉంటాయి.

ఇదంతా ఒక పూట పని. అసలు పరీక్ష తర్వాత వస్తుంది. ఈ ప్రాంతంలో జులై, ఆగస్టుల్లో వాన దాదాపు ఉండదు. సియాటిల్ అంటే ఎప్పుడూ వానే అనుకుంటాం గానీ, ఇక్కడి వేసవి మొక్క పాలిట మన రోహిణి కార్తె కన్నా మెరుగేమీ కాదు. 2021 జూన్ 28న సియాటిల్‌లో 42 డిగ్రీలు నమోదయింది. పెద్ద చెట్ల ఆకులే మాడిపోయాయి, అంతకుముందు చలికాలం నాటిన మొక్కల సంగతి చెప్పాలా?

ఎండను మించిన శత్రువు కలుపు. హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అని పిలిచే ముళ్లపొద ఒక్క వేసవిలో మనిషెత్తు దాటి అల్లుకుంటుంది. తీగ చివర నేలను తాకిన చోటల్లా కొత్తగా వేరు దిగుతుంది. పైపైన కత్తిరిస్తే నెల తిరిగేసరికి మళ్లీ అంతే. భూమిలో ఉన్న గడ్డను గునపంతో పెకలించాల్సిందే. రీడ్ కానరీ గడ్డి ఇంకో రకం. అది నడుము దాకా పెరిగి, చలికాలంలో పడిపోయి, చిన్న మొక్కను చాపలా కప్పి నొక్కేస్తుంది. దానికి విరుగుడు నీడే. విల్లోలు దగ్గర దగ్గరగా పెరిగి నీడ కమ్మితే గడ్డి తానే తగ్గుతుంది, కానీ విల్లో దాన్ని దాటి ఎదిగేదాకా మనమే కోస్తూ ఉండాలి. జపనీస్ నాట్‌వీడ్ కనిపిస్తే మాత్రం ముట్టుకోకండి. దాని చిన్న ముక్క వాగులో కొట్టుకుపోయినా దిగువన ఎక్కడో వేరు పట్టేస్తుంది. అది శిక్షణ పొందినవాళ్లు చేయాల్సిన పని.

ఒక గట్టు గురించి చెబుతాను, ఎక్కడిదో ఎవరిదో చెప్పను. ఒక పెద్ద బృందం వచ్చి ఒక్క రోజులో గట్టంతా నాటింది. టీషర్టులు పంచారు, బ్యానరు కట్టారు, ఫోటోలు బాగా వచ్చాయి. రెండో వేసవి చివర నేను వెళ్లి చూస్తే గట్టు కనిపించలేదు, ముళ్లపొదే కనిపించింది. చేతులు గీరుకుంటూ లోపలికి దూరితే, గుర్తు కోసం పాతిన వెదురు కర్రలు వరసగా నిలబడి ఉన్నాయి, వాటి పక్కన మొక్కలు లేవు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ వస్తుంది. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, మంచి మనసుతోనే వచ్చారు. కానీ మొక్కలకు పెట్టిన డబ్బు, నర్సరీలో వాటిని రెండేళ్లు పెంచినవాళ్ల శ్రమ మట్టిలో కలిసిపోయాయి. ఆ వాగులో కోహో అనే రకం సాల్మన్ పిల్లలు ఉంటాయి. కోహో పిల్ల సముద్రానికి వెళ్లే ముందు ఏడాదికి పైగా వాగులోనే ఉంటుంది, అంటే ఒక వేసవి అక్కడే గడపాలి. అక్కడ దానికి ఇవాళ్టికీ నీడ లేదు.

అందుకే ఐదేళ్లు అడుగుతున్నాను. మొదటి మూడు వేసవులు గట్టిగా చూసుకోవాలి. తర్వాతి రెండేళ్లు అప్పుడప్పుడు వెళ్లి ముళ్లు పెకలిస్తే చాలు. అప్పటికి మొక్క కలుపు కన్నా ఎత్తు పెరుగుతుంది, ఇక దాని బతుకు అది బతుకుతుంది. చెట్లు కొరికే బీవర్ అనే జంతువులు కొరక్కుండా చుట్టిన తీగ వల బిగుసుకుంటోందేమో చూసి వదులు చేయడం కూడా ఈ పనిలో భాగమే. ఈ పనిలో గొప్పగా కనిపించేది ఏమీ ఉండదు. చెమట పడుతుంది, దోమలు కుడతాయి. కానీ చెట్టు బతికేది దీనితోనే.

ఇప్పుడు ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: చెట్టు పెద్దదై నీడనిచ్చేసరికి ముప్పై, నలభై ఏళ్లు పడుతుంది కదండీ. అప్పటిదాకా చేపలు మిగులుతాయా?

మంచి ప్రశ్న. అందుకే ఒకే రకం నాటం. చిన్న వాగు మీద విల్లోలు నాలుగైదేళ్లలోనే వంగి నీడనిస్తాయి. రెడ్ ఆల్డర్ చాలా త్వరగా ఎదుగుతుంది, గాలిలోని నత్రజనిని వేళ్ల దగ్గర పట్టి ఉంచి నేలకు బలమిస్తుంది. దాని ఆకులు వాగులో రాలితే పురుగులకు మేత, ఆ పురుగులు పిల్లచేపలకు మేత. డగ్లస్ ఫర్, రెడ్ సీడర్ మన మనవల కాలానికి. ఈ లోగా యంత్రాలతో దుంగలు వేసే పని ప్రభుత్వాలు, మూలవాసీ తెగలు, చేపల సంరక్షణ బృందాలు కలిసి చేస్తూనే ఉన్నాయి.

ప్రశ్న: ఇసాక్వాలో హేచరీ ఉంది కదా అక్కా, అక్కడ చేపపిల్లలను పెంచి వదిలితే సరిపోదా?

ఆ హేచరీ 1936 నుంచి ఉంది తమ్ముడూ. అది మంచి పని చేసింది, కాదనను. కానీ అక్కడ పెరిగిన పిల్ల కూడా ఇదే నీటిలోంచి సముద్రానికి వెళ్లాలి, ఇదే నీటిలోంచి తిరిగి రావాలి. దారి వేడెక్కితే ఎక్కడ పుట్టిన చేపకైనా కష్టం ఒకటే. పైగా వాగులో పుట్టిన చేపలు తరతరాలుగా ఆ వాగు స్వభావానికి తగ్గట్టు మారుతూ వచ్చాయి. ఆ జాతి పోతే తొట్టెల్లో పెంచి తేలేం.

ప్రశ్న: చెట్లు తప్ప మనం మార్చుకోవాల్సింది ఇంకేమైనా ఉందా?

ఉంది, మన కార్లు. తొలి వానలకు నగర వాగుల్లోకి వచ్చిన కోహోలు గుడ్లు పెట్టకుండానే చనిపోతుంటే చాలా ఏళ్లు కారణం అంతుపట్టలేదు. టైర్లు చెడకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి విషంగా మారుతోందని 2020 డిసెంబరులో ఇక్కడి శాస్త్రవేత్తలు బయటపెట్టారు. టైరు అరిగిన పొడి రోడ్డు మీద పడి, వాననీటితో వాగులోకి పోతుంది. అదే నీరు మట్టి, కంపోస్టు ఎరువు ఉన్న మడిలోంచి ఇంకి వస్తే చేపను చంపడం లేదు. అందుకే రోడ్డు నీటిని నేరుగా వాగులోకి వదలకుండా మొక్కల మడుల్లోకి మళ్లించాలని నగర సభల్లో అడగండి. మీ ఇంటి డ్రైవ్‌వే నీటికి ముందు మీరే ఒక మడి చేయండి.

ప్రశ్న: చిన్నపిల్లలను తీసుకురావచ్చా?

తప్పకుండా తీసుకురండి. చెక్కపొట్టు మోయడం, గుర్తు కర్రలు పాతడం వాళ్లకు ఇష్టమైన పనులు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మందపాటి చేతి తొడుగులు, వాన కోటు కావాలి. గునపాలు, పారలు అక్కడ ఇస్తారు. ఒక్క జాగ్రత్త చెప్పి పంపండి: సెప్టెంబరు నుంచి వసంతం దాకా వాగులోకి దిగకూడదు, కుక్కను దింపకూడదు. చుట్టుపక్కల రాళ్ల కన్నా తేటగా, శుభ్రం చేసినట్టు కంకర కనిపించిందంటే దాని కింద గుడ్లు ఉన్నాయని అర్థం. అక్కడ అడుగు పడితే వందల గుడ్లు నలిగిపోతాయి. గట్టు మీద నుంచి చూపించండి, ఎంతసేపైనా చూడనివ్వండి. పేర్లు రాసే కాగితం ద్వారం పక్కన బల్ల మీద ఉంది. మీ పేరు ఎదురుగా ఏ నెలల్లో రాగలరో రాయండి. జులై గడి ఇప్పటికైతే ఖాళీగా ఉంది.